కళకు పిలుపు

వెదురు దండెకు సొరబుర్రలు కట్టి, పన్నెండు మెట్లపై వ్రేళ్లు కదలించుచు పండుగ సాయన్న కథను పాడు మహబూబునగరు గాయకుల వాద్యము కిన్నెర. పూర్వము ఆ గాయకునికి ప్రకటనతో పని లేదు. ఇల్లిల్లు తిరుగుటయే ఆతని ప్రకటన. చేటతో పెట్టిన గింజలే ఆతని జీతము.

నేడు పెండ్లికిని, కురుమూర్తి, పెదగట్టు జాతరలకును మేళములను ఫోనుమీదనే కుదుర్చుకొనుచున్నారు. తెలిసిన పేరునకే పిలుపు. పేరొక్కటి చాలునా? అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యగారు 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రపు పాటతో లోకమునకు తెలిసిరి. 2022లో పద్మశ్రీ పొందిరి. అయినను 2024లో ఆయన కూలిపనికి పోవుచున్నట్లు పత్రికలు వ్రాసినవి. పేరు ఒక యెత్తు, నెలనెల పిలుపు మరియొక యెత్తు.

మేము రేడియోలో పాడువారికి ముందుగా ఒప్పందపత్రము పంపుదుము. తేది, వేళ, ఎంతసేపు పాడవలయును, ఎంత ముట్టును, అన్నియు అందుండును. పల్లె మేళమువారును అట్టి కాగితమొకటి సిద్ధము చేసికొనుట మేలు. మేళములో ఎందరు, ఏ కథ, ఎన్ని గంటలు, బండి కిరాయి యెవరిది, బయానా ఎంత, ఇంతియే. దానితోపాటు ఐదు నిమిషముల పాట శుభ్రముగా రికార్డు చేసి పంపినచో, వినినవారే పిలుతురు.

శ్రోతలకొక మనవి. శుభకార్యమున పందిరికిని, దీపములకును, వంటకును లెక్క వేయునపుడు కిన్నెరకో డప్పునకో ఒక పద్దు వ్రాయుడు. బయానా ముందే చెల్లింపుడు. “మా యింట పాడిన మీకే పేరు” అని బేరమాడకుడు. పేరుతో పొయ్యి వెలుగదు.