నిర్ణయం వెనుక మాట



మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో మాట్లాడుతూ పెరుగుతారు. ఉద్యోగం దగ్గరకు వచ్చేసరికి మూడో భాష ఎదురవుతుంది. దరఖాస్తు ఇంగ్లీషులో రాయాలి, ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో జవాబు చెప్పాలి. మరికొన్నేళ్లకు కింది ఉద్యోగుల పనితీరు మీద ఇంగ్లీషులో రిపోర్టు రాయాలి. అలాంటి రిపోర్టుల్లో తరచు కనిపించే అంశం, ఈ మనిషి నిర్ణయాలు ఎలా తీసుకుంటాడన్నది. అక్కడ వేసే ఒక్క మాట ఆ మనిషికి మేలైనా చేస్తుంది, కీడైనా చేస్తుంది. అందుకని ఈ రోజు అలాంటి మాటలు కొన్నింటిని పరిశీలిద్దాం.

ముందుగా ‘డిసైడ్’ అన్న మాట. దీని మూలం లాటిన్‌లో ఉంది. అక్కడ దానికి కోసివేయడం, తెంపడం అని అర్థం. ఇది మనకు వింత కాదు. సంతలో ధర కుదిరితే ‘బేరం తెగింది’ అంటాం. కోర్టులో నలుగుతున్న దావాను ‘ఇంకా తెగలేదు’ అంటాం. రెండు దారుల్లో ఒకదాన్ని తెంచుకుంటే తప్ప నిర్ణయం కాదన్న ఎరుక రెండు భాషల్లోనూ ఉందన్నమాట.

తెగేముందు ఆలస్యం సహజం. ఆ ఆలస్యానికి కారణాన్ని బట్టి ఇంగ్లీషులో మాట మారుతుంది. మంచిచెడ్డలు తూచి చూస్తే ‘డెలిబరేట్’ చేయడం. జంకితే ‘హెజిటేట్’ చేయడం. రేపు చూద్దాంలే అని వాయిదా వేస్తే ‘ప్రొక్రాస్టినేట్’ చేయడం. ఈ చివరి మాట కడుపులో ‘రేపు’ అనే అర్థమున్న లాటిన్ పదమే దాగి ఉంది. ఒక రాత్రి గడవనిచ్చి తెల్లవారి చెబుతాననడం ‘స్లీప్ ఆన్ ఇట్’. ఇది నిద్రపోతూ కాలం గడపడం కాదు, మంచి అలవాటు కిందే లెక్క. మనం మాత్రం ‘మీనమేషాలు లెక్కించడం’ అంటే అందులో మెప్పు ఉండదు.

ఇక్కడొక చిక్కు ఉంది. ‘డెలిబరేట్’ క్రియగా వాడితే ఆలోచించడం. అదే విశేషణంగా వాడితే చాలాసార్లు ‘కావాలని చేసిన’ అని అర్థం వస్తుంది. పలకడంలోనూ తేడా ఉంది. విశేషణంలో చివరి అక్షరం పొట్టిగా, ‘డెలిబరెట్’ అన్నట్టు వినిపిస్తుంది. బాగా ఆలోచించడం వల్ల ఆలస్యమైందని చెప్పబోయి, ‘అతని ఆలస్యం డెలిబరెట్’ అని రాశారనుకోండి. చదివినవారు, కావాలనే పని ఆపాడని అర్థం చేసుకుంటారు. మెచ్చుకోలు కాస్తా నేరారోపణ అవుతుంది!

ఏ పక్షమూ తేల్చని మనిషిని ఇంగ్లీషువారు కంచె మీద కూర్చున్నాడంటారు. మనం ‘గోడ మీద పిల్లి’ అంటాం. తమిళులదీ అదే పిల్లి, ‘మదిల్ మేల్ పూనై’. రెండూ ఒకటేనని మార్చి వాడేస్తాం. కాని కంచె మీది మనిషి ఎటూ దిగకుండా కూర్చుంటాడు. మన పిల్లి ఎటు లాభమైతే అటు దూకడానికి కాచుకుని ఉంటుంది. మొదటిది తటస్థత లేదా పిరికితనం. రెండోది అవకాశవాదం. ఆ తేడా మరవకూడదు.

అలాగే ‘డైలమా’ను, ‘హాబ్సన్స్ ఛాయిస్’ను కలిపేస్తుంటారు. డైలమా గ్రీకు మాట. రెండు దారులున్నాయి, రెండూ కష్టమే. మన ‘ముందు నుయ్యి, వెనుక గొయ్యి’ దానికి సరిగ్గా సరిపోతుంది. హాబ్సన్ కథ వేరు. ఆయన ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో గుర్రాలు అద్దెకిచ్చేవాడు, 1631లో చనిపోయాడు. శాలలో ఎన్ని గుర్రాలున్నా, తలుపు దగ్గరున్నదే తీసుకోవాలి, లేదంటే వట్టి చేతులతో వెళ్లాలి. అంటే ఎంపిక ఉన్నట్టే కనిపిస్తుంది కాని, ఉండదు. రెండు చెడ్డవాటిలో ఒకటి ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఈ మాట వాడితే పొరపాటే.

ఇక వేగంగా తేల్చేవారి సంగతి. వేగంగా, స్పష్టంగా తేలిస్తే ‘డిసైసివ్’. తొందరపడితే ‘హేస్టీ’. మనసుకు తోచిందే తడవుగా చేసేస్తే ‘ఇంపల్సివ్’. తీసుకున్న నిర్ణయం మీద నిలబడితే ‘ఫర్మ్’. తప్పని తెలిసినా వదలకపోతే ‘అబ్‌స్టినేట్’. బెర్ట్రండ్ రస్సెల్ అనే తత్వవేత్త 1948లో బి.బి.సి. రేడియోలో దీని మీదే ఒక చమత్కారం చేశాడు. ఒకే గుణానికి మన విషయంలో మంచి మాట, ఎదుటివారి విషయంలో కాస్త కటువైన మాట, అక్కడ లేనివారి విషయంలో తిట్టులాంటి మాట వాడతామని వ్యాకరణపు వరసలో చూపించాడు. తెలుగులో మాత్రం మనం చేసేది వేరా? మనది పట్టుదల, పక్కవాడిది మొండిపట్టు!

రిపోర్టు రాసే చోట ఇది చమత్కారంగా మిగలదు. ఒక అమ్మాయి కాగితాలన్నీ సరిచూసి రెండు రోజులు ఆలస్యంగా సంతకం పెట్టింది. పై అధికారి ‘కేర్‌ఫుల్’ అని రాస్తే ఆమెకు బాధ్యత పెరుగుతుంది. ‘ఇండిసైసివ్’ అని రాస్తే పదోన్నతి ఆగిపోవచ్చు. ఆమె చేసిన పని మాత్రం ఒక్కటే.

కనుక శ్రోతలారా, ఇలాంటి మాట రాయవలసి వస్తే ముందు జరిగింది రాయండి. ఎన్ని రోజులు పట్టింది, ఎందుకు పట్టింది, ఫలితం ఏమైంది అన్నది చెప్పండి. ఆ తరువాతే విశేషణం వెతకండి. మీ గురించి ఎవరైనా అలాంటి మాట రాస్తే, ఏ పనిని చూసి అలా రాశారని మర్యాదగా అడగండి. నిర్ణయానికి ఆలోచన ఎంత అవసరమో, ఆ నిర్ణయాన్ని వర్ణించే మాటకూ అంతే అవసరం.

సెలవు.