ఒంగోలు జాతి: బలమూ, బలహీనతా

మన ఒంగోలు పశువు నేడు బ్రెజిల్‌లో 'నెలోర్' పేరిట మాంసపు పశువులలో అగ్రస్థానాన నిలిచింది. మండుటెండను, పిడుదులను తట్టుకోవడం, నాసిరకం గడ్డితోనే కండపట్టడం దాని బలాలు. ఐరోపా జాతులకన్న ఆలస్యంగా ఎదకు రావడం, మాంసం కొంత గట్టిగా ఉండడం దాని బలహీనతలు.

అక్కడ దానిని మాంసం నిలబెట్టింది. ఇక్కడ సేద్యం నిలబెట్టింది. ట్రాక్టరు రాకతో ఆ ఆధారం సడలింది. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం గోవధను నిషేధించినా, సేద్యానికీ సంతతికీ పనికిరాని ఎద్దును ధ్రువపత్రంతో వధించడానికి అనుమతిస్తున్నది. అయినా దారిలో దాడుల భయంతో కొనేవారు జంకుతున్నారు. ముసలి ఎద్దును అమ్ముకోలేని రైతు కోడెదూడను ఎలా పెంచగలడు? చట్టానికి లోబడిన వ్యాపారికి మనం కోరే రక్షణ, ఆ రైతుకూ ఈ జాతికీ కూడా రక్షణే.