రోమాపురి గోధుమలు – మన సీమ వస్త్రములు



మా కామవరపుకోటలో నేను చరిత్రపాఠము చెప్పుచుండగా ఒకనాడొక బాలుడు లేచి, “మేష్టారూ, రోము సంగతి మనకెందుకండీ?” అని యడిగెను. కూర్చుండుమంటిని. తగిన సమాధానము నాకును అప్పుడు తోచలేదు.

ఇటలీదేశము నడుమ అపెనైను పర్వతములు వెన్నెముకవలె నున్నవి. విశాలమైన పో నదీ మైదానము వాని కావల, ఉత్తరమున నున్నది. ఆ నది తూర్పు సముద్రమున గలియును. రోమాపురి యన్ననో పడమటివైపు తైబరు నదియొడ్డున నున్నది. చుట్టుపట్ల ద్రాక్షయు, ఆలివు చెట్లును బాగుగ పెరుగును గాని, పది లక్షలకు సమీపించిన పురజనమునకు అక్కడి గోధుమలు చాలవు. దూరమునుండి బండ్లపై తెత్తమా? మెట్టనుండి ఏలూరికి ధాన్యపు బండి తోలిన పెద్దలకు ఈ చిక్కు నేను చెప్పనక్కఱలేదు. దూరము పెరిగినకొలది ఎడ్ల మేతయే లాభమును తినివేయును. క్రీ.శ. 301లో డయొక్లీషియను చక్రవర్తి ప్రకటించిన ధరల శాసనమునుబట్టి చరిత్రకారులు లెక్కగట్టి చూచిరి. మధ్యధరా సముద్రము ఈ కొసనుండి ఆ కొసకు ఓడలో ధాన్యము చేర్చుటకంటె, 75 మైళ్లు బండిపై తోలుటకే వ్యయ మెక్కువయట!

ఇది మన సీమయు నెఱిగిన బాధయే. 1833 నాటి గుంటూరు కరవులో లక్షకు పైగా జనులు మడిసిరి. ధాన్యము చేర్చు మార్గములు లేమి ఆ విపత్తును పెంచినది. పిమ్మట 1847 మొదలు 1852 వఱకు కాటనుదొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించినప్పుడు, కాలువలు పైరుకే గాక పడవలకును పనికివచ్చునట్లు త్రవ్వించెను. ఏలూరు కాలువ కృష్ణా గోదావరులను కలిపినది. మా తాతగారు వడ్లను ఏలూరిదాక బండిపై తోలి, అచ్చట పడవ కెక్కించెడివారు.

రోమనులును నీటినే నమ్ముకొనిరి. సిసిలీ, ఆఫ్రికా, ఐగుప్తు దేశముల గోధుమలు ఓడలపై వచ్చెడివి. తైబరు ముఖము ఇసుక మేటవేయుచుండుటచే క్లాడియసు చక్రవర్తి క్రీ.శ. 42లో దాని చెంత క్రొత్త రేవు కట్టింప మొదలిడెను.

క్రీ.పూ. 30లో ఐగుప్తు వారి వశమైనది. అన్నము పెట్టిన యా దేశమే ఎఱ్ఱసముద్రపు వాకిలియు తెఱచినది. నావికులు జూలై నెలలో బయలుదేరి, మనకు వానలు దెచ్చు నైరుతిగాలితోడనే పడమటి కోస్తా చేరి, ఈశాన్యపు గాలితో మరలిపోయెడివారు. తూర్పుతీరపు సరకులు దేశీయుల నావలపై మలబారు రేవులకు చేరెడివి. మొదటి శతాబ్దపు గ్రీకు వర్తకు డొకడు తన గ్రంథమున, కృష్ణా ముఖమునం దున్న మసాలియలో వస్త్రములు మిక్కుటముగ నేయుదురని వ్రాసినాడు. రోమనులకు మనకమ్మదగిన సరకులు తక్కువ. కనుక బంగారము, వెండి ఇచ్చిరి. ఏటేట 5 కోట్ల సెస్టెర్సులు హిందూదేశమునకు పోవుచున్నవని ప్లినీ పండితుడు వాపోయెను. వినుకొండలోను, నాగార్జునకొండలోను రోమను బంగారు నాణెములు దొరకినవి.

క్రీ.శ. 150 ప్రాంతమున టాలమీ రచించిన భూగోళమున ‘బెనగౌరోను’ అను పట్టణ మొకటి గలదు. అది మన వేంగియే యని పండితులు పోల్చిరి. పెదవేగి మా యూరికి దూరము గాదు. కూర్చుండుమనుటకు మారుగా, ఆ బాలుని నే నచ్చటికి తోడ్కొనిపోవలసినది.