వన్స్ మోర్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత పాట గురించి రెండు మాటలు చెప్పమన్నారు. నాకు గుర్తొచ్చేది ఒక్కటే, ‘మీరజాలగలడా’. చాలామంది అది సినిమా పాట అనుకుంటారు. 1966లో రామానాయుడు గారు తీసిన ‘శ్రీకృష్ణ తులాభారం’లో పెండ్యాల సంగీతంలో సుశీల పాడగా, జమున అభినయించారు. కానీ అది అంతకు ఎన్నో ఏళ్ల ముందే స్టేజీ మీద పుట్టింది. ముత్తరాజు సుబ్బారావు గారి నాటకంలో సత్యభామ వేషం కట్టిన స్థానం నరసింహారావు గారు తానే రాసి, పాడిన పాట. ఆయనది మన పక్కనున్న బాపట్ల.

తులాభారం కథ 1935లో, 1955లో, 1966లో మూడుసార్లు సినిమాగా వచ్చింది. నాటకం తెరకెక్కితే పద్యాలు తగ్గిపోతాయి, రాగాలు కుదించుకుపోతాయి. మరి ఈ పాట ఎందుకు నిలిచింది? నాకు తోచింది చెబుతాను. కృష్ణుడు తన మాట దాటలేడని సత్యభామ మురిసిపోయేది ఈ పాటలోనే. తరువాత తక్కెడలో నగలన్నీ పోసినా స్వామి తూగడు, రుక్మిణి వేసిన ఒక్క తులసిదళానికి తూగుతాడు. ముందు ఆ గర్వం మన చెవుల్లో మోగకపోతే, ఆ తులసిదళానికి బరువెక్కడిది? అందుకే దాన్ని తీసేయడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ సినిమా వచ్చిన ఒకటి రెండేళ్లకు మన బడి వార్షికోత్సవంలో మా క్లాసువాడొకడు సత్యభామ వేషం కట్టి ఈ పాట పాడాడు. జనం వన్స్ మోర్ అన్నారు. మరునాటి నుంచి మేం వాణ్ణి ‘ఏమే భామా’ అని ఏడిపించాం. అందరికంటే ముందు మొదలుపెట్టింది నేనే. తెలుగు మాస్టారు నన్ను పిలిచి, “ఒరేయ్, ఆడవేషం కట్టిన ఆ స్థానం వారికి 1956లో పద్మశ్రీ ఇచ్చార్రా. నువ్వు నవ్వింది ఎవర్నో తెలుసా?” అన్నారు. తల దించుకున్నాను కానీ, వాడి దగ్గరికి వెళ్లి ఒక్క మాటా అనలేదు. వాడు మళ్లీ స్టేజీ ఎక్కలేదు.

ఆ పాటను స్టేజీ నుంచి సినిమా తీసుకుంది, రేడియో ఇంటింటికీ చేర్చింది. మన బడిలో మాత్రం ఆ పాట నా నోటి దురుసువల్ల ఆగిపోయింది.

వాడు ఇవాళ మూడో వరుసలో కూర్చున్నాడు. ఒరేయ్, అప్పుడు చెప్పాల్సిన మాట ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నా, తప్పు నాదేరా. గొంతు సహకరిస్తే ఒక్క చరణం పాడు. ఈసారి వన్స్ మోర్ మొదట అనేది నేనే.

సెలవు.