క్రాపీ చేపకు తగిన గాలపు కర్ర

కాలువ గట్టున గాలం వేసేవారికి వెదురు కర్ర, దారం, బెండు, ఎర ఉంటే చాలు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో క్రాపీ చేపను కూడా ఒకప్పుడు వెదురు కర్రతోనే పట్టేవారు. ఈనాడు అక్కడి దుకాణాల్లో ఫైబర్‌గ్లాస్ కర్రలు, గ్రాఫైట్ కర్రలు పదుల రకాలు కనిపిస్తాయి. వాటిలో దేన్ని ఎంచుకోవాలో ధర చూసి తేల్చలేం. చేప నోటిని బట్టి, పట్టే పద్ధతిని బట్టి తేల్చుకోవాలి. అక్కడ స్థిరపడి సెలవు రోజుల్లో సరస్సులకు వెళ్లే తెలుగువారికి ఈ ప్రసంగం నేరుగా ఉపయోగపడుతుంది. మిగిలినవారికి మీట సూత్రం, స్థితిస్థాపకత పాఠాలకు ఇదొక చక్కని ఉదాహరణ.

ముందుగా చేపను తెలుసుకుందాం. క్రాపీ ఉత్తర అమెరికా మంచినీటి చేప. ఇందులో తెల్ల క్రాపీ, నల్ల క్రాపీ అని రెండు జాతులు. సాధారణంగా దొరికేవి పావుకిలో నుంచి అరకిలో వరకు తూగుతాయి. మిసిసిపీ రాష్ట్రంలోని ఎనిడ్ జలాశయం వద్ద 1957లో దొరికిన తెల్ల క్రాపీ 5 పౌండ్ల 3 ఔన్సులు, అంటే సుమారు 2.35 కిలోలు తూగి రికార్డుకెక్కింది. ఈ చేప నోటి చుట్టూ ఉండే పొర కాగితమంత పల్చన. అందుకే అక్కడివారు దీన్ని ‘కాగితపు మూతి’ అని పిలుస్తారు. గట్టిగా గుంజితే ఆ పొర చిరుగుతుంది. చేప గాయంతో జారిపోతుంది. కాబట్టి గుంజుడును మెత్తబరచడం కర్ర చేయవలసిన మొదటి పని.

ఒక చివర బిగించి, రెండో చివర బరువు వేలాడదీస్తే కర్ర వంగుతుంది. మందం అంతటా ఒకేలా ఉన్న కర్రను రెట్టింపు పొడవు తీసుకుంటే, అదే చిన్న బరువుకు కొస ఎనిమిది రెట్లు కిందికి దిగుతుంది. దుకాణంలో మీరు రెండు గుణాలను విడివిడిగా చూడాలి. కర్రను వంచడానికి ఎంత బలం కావాలన్నది ఒకటి. ఆ వంపు కొసలోనే ఆగుతుందా, నడుము దాకా వస్తుందా అన్నది రెండోది. క్రాపీని పట్టే రెండు ముఖ్యమైన పద్ధతులు ఈ గుణాలను వేర్వేరు పాళ్లలో కోరుకుంటాయి.

మొదటి పద్ధతి ట్రోలింగ్. పడవ ముందుభాగంలో స్టాండ్లు బిగించి, కర్రలను సాలీడు కాళ్లలా చాపి, గంటకు ఒకటిన్నర కిలోమీటరు మించని వేగంతో నెమ్మదిగా సాగుతారు. ఇక్కడ 12 నుంచి 16 అడుగుల కర్రలు వాడతారు. పొడవు వల్ల ఎర పడవ చప్పుడుకు దూరంగా ఉంటుంది. దారాలు ఒకదానితో ఒకటి చిక్కుపడవు. అలకు పడవ ఎగిరిపడినా మెత్తని కొస ఆ కుదుపును మింగేస్తుంది, ఎర నిలకడగా ఉంటుంది. చేప కొరికినప్పుడు కర్ర మీద మనిషి చెయ్యి ఉండదు కనుక, కొస తనంతట తానే వంగి చేపకు అవకాశం ఇవ్వాలి. అయితే ఎరను లోతులో నిలిపేందుకు 15 నుంచి 30 గ్రాముల సీసపు గుండు కడతారు. ఆ బరువుకే కర్ర పూర్తిగా వంగిపోతే చేప తాకిడి తెలియదు. కాబట్టి కొస మెత్తగా, నడుము గట్టిగా ఉండాలి. బరువును స్టాండే మోస్తుంది గనుక, కాస్త బరువైనా తొందరగా విరగని ఫైబర్‌గ్లాస్ ఇక్కడ చాలు.

రెండో పద్ధతి మునిగిన కొమ్మల మధ్య పట్టడం. క్రాపీలు నీట మునిగిన చెట్ల కొమ్మల్లో గుంపుగా చేరతాయి. ఎరను నిలువుగా ఆ సందుల్లోకి దించాలి. చేప తగిలిన వెంటనే నేరుగా పైకి ఎత్తకపోతే దారం కొమ్మకు చుట్టుకుంటుంది. ఇందుకు 8 నుంచి 11 అడుగుల కర్ర సరిపోతుంది. వంపు కొసలోనే ఆగి, నడుము గట్టిగా నిలవాలి. గట్టి కర్ర అని జాడించకూడదు. మణికట్టుతో ఎత్తితే చాలు. రోజంతా చేతిలో పట్టుకునేది కనుక తేలికగా ఉండాలి. చిన్న తాకిడిని కూడా చేతికి తెలిపే గ్రాఫైట్ ఇక్కడ పెట్టిన డబ్బుకు తగిన పని చేస్తుంది.

కొనేముందు కర్రను గాలిలో ఊపి చూస్తే సరిపోదు. రీల్ బిగించి, దాని ముందు వేలు ఆనించి తూకం చూడండి. ముందుకు బాగా వాలితే మధ్యాహ్నానికి మణికట్టు నొప్పి తప్పదు. దారం నడిచే రింగుల్లో కాస్త దూదిని తిప్పండి. పోగు తగులుకుంటే అక్కడ పగులు ఉన్నట్టే, అది దారాన్ని కోస్తుంది.

ఒక హెచ్చరిక. గ్రాఫైట్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. కరెంటు తీగల కింద పొడవాటి కర్రను నిలబెట్టి నడవకండి. ఉరుములు వినబడితే కర్ర దించి వెంటనే ఒడ్డు చేరండి. గాలం కొమ్మకు తగులుకుంటే కర్రతో లాగకండి, కొస విరుగుతుంది. చేతికి గుడ్డ చుట్టుకుని దారాన్నే లాగండి. ఒక్కొక్కరు ఎన్ని కర్రలు వేయవచ్చు, ఎంత పొడవున్న చేపను ఉంచుకోవచ్చు అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. లైసెన్సు తీసుకునేటప్పుడే ఆ నిబంధనలు చదవండి.

ఒక్క కర్రే కొనగలిగితే, మీరు ఎక్కువగా వెళ్లే నీటిని చూసి కొనండి. కొమ్మలున్న చోటయితే పొట్టి గ్రాఫైట్ కర్ర, పడవ మీద విశాలమైన జలాశయంలోనయితే పొడవాటి ఫైబర్‌గ్లాస్ కర్ర.

చివరగా ఒక చిన్న ప్రయోగం. ఒక ప్లాస్టిక్ స్కేలును బల్ల అంచున 12 సెంటీమీటర్లు బయటికి ఉంచి, కొసకు ఒక నాణెం అంటించి ఎంత వంగిందో కొలవండి. తర్వాత 24 సెంటీమీటర్లు ఉంచి కొలవండి. రెండో కొలత ఎనిమిది రెట్ల కంటే కొంచెం ఎక్కువే వస్తుంది. ఆ అదనపు వంపు ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించండి. స్కేలుకు కూడా సొంత బరువు ఉందని గుర్తుంచుకుంటే జవాబు మీకే దొరుకుతుంది.