చిలుకల లెక్క



గుంటూరు నుండి చిలకలూరిపేటకు పోవు రహదారిమీద ఎడ్లపాడు కలదు. పేరులోనే చిలుకను నిలుపుకొన్న పట్టణము దానికి పొరుగున నున్నది. ఆ ఎడ్లపాడులో ఒకనాటి సాయంకాలము, కొండవీటి కొండల వైపునుండి వచ్చి చెట్లపై వాలుచున్న చిలుకలను మేము లెక్కించితిమి. మా లెక్కకు అరువది దాటినవి. మా వెంట వచ్చిన మిత్రుని లెక్క ఏబదికి చేరలేదు. ప్రక్కన నిలిచిన ముసలి రైతు నవ్వి, "చిలకలకి లెక్కేందయ్యా! జొన్న కంకి పాలు పోసుకొనేటప్పుడు రండి. మంచె మీద కూచొని వడిసెల తిప్పీ తిప్పీ చేతులు పడిపోతాయి" అనెను. "వానిలో భుజము మీద ఎఱ్ఱని మచ్చ గల పెద్ద చిలుక ఎప్పుడైన కనబడినదా?" అని మేమడిగితిమి. ఆయన కొంతసేపు ఆలోచించి, "చిలకల్లో మళ్ళీ రకాలు ఎవరు చూశారయ్యా!" అనెను.

చిక్కంతయు ఆ మాటలోనే యున్నది. చేలమీద గుంపులుగా వ్రాలునది మెడకు గులాబి పట్టె గల సామాన్యపు చిలుక. దానికి కొఱత లేదు. భుజమున ఎఱ్ఱ మచ్చ గలది దానికంటె పెద్దది, వేఱు జాతి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని ప్రమాదమునకు చేరువైన జాతులలో చేర్చినది. పెద్ద చెట్లు కూలుటచే దీనికి గూటి తొఱ్ఱలు తగ్గినవి. పంజరముల కొఱకు పిల్లలను అపహరించుట మఱియొక కారణము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని సవరణలు మన అడవి చిలుకలను పట్టుటను, అమ్ముటను నిషేధించినవి. అయినను ఒక జాతి సమృద్ధి మఱియొక జాతి లేమిని కప్పివేయుచున్నది. "చిలుకలు ఎన్నో ఉన్నవి" అనుమాట లెక్క కాదు.

మఱి లెక్క ఎట్లు? ఆకులలో ఆకువలె నుండి, మేయునపుడు మౌనము వహించు పక్షిని పగటివేళ అడవిలో లెక్కించుట కష్టము. కావున అవి రాత్రి విశ్రమించు చెట్టునకు నలుదిక్కుల మనుష్యులను నిలిపి, వచ్చు గుంపులను ఒకే వేళలో, వరుసగా కొన్ని సాయంకాలములు లెక్కింతురు. గ్రుడ్లు పెట్టు ఋతువున ఆడుపక్షి తొఱ్ఱలోనే పొదుగుచుండును గనుక ఆ లెక్క తగ్గును. ఋతువు నెఱుగని వాడు దానిని చూచి జాతి నశించుచున్నదని భ్రమపడును.

రెండవ పద్ధతి కాలికి కడియము తొడిగి విడుచుట. 20 పక్షులకు కడియములు తొడిగితిమనుకొందము. తరువాత చూచిన 40 పక్షులలో 10కి కడియములున్నవి. అనగా నాలుగవ వంతు. కనుక మొదటి 20యు మొత్తములో నాలుగవ వంతు. మొత్తము సుమారు 80. కడియములు కొన్ని ఊడిపోయినచో జవాబు ఉన్నదానికంటె పెద్దదగును. అందుచేత నిజాయితీ గల అంచనా ఒక్క సంఖ్యను చెప్పి ఊరకుండదు. ఇంతనుండి ఇంతవఱకు అని హద్దులను గూడ చెప్పును.

ఈ విద్యకు సాక్ష్యము మన తెలుగువారు 19వ శతాబ్దిలో కోరంగి రేవునుండి కూలీలుగా తరలిపోయిన మారిషస్ దీవిలో కలదు. మన చిలుకకు దగ్గఱి చుట్టమైన పచ్చ చిలుక అచట మాత్రమే జీవించును. 1980 దశకమున అవి సుమారు పది మాత్రమే మిగిలినవి. మన సామాన్యపు చిలుకయే పంజరపు పక్షిగా అచటికి చేరి, అడవిలో స్థిరపడి, తొఱ్ఱలకై దానితో పోటీపడినది. చూపునకు రెండును ఒకటిగా తోచి, లెక్కను తికమక పెట్టినది. పరిరక్షకులు గూళ్ళను వెదకి కాచిరి, పెట్టెలు కట్టిరి, ఆహారమునిచ్చిరి, పిల్లలకు కడియములు తొడిగిరి. 2019 నాటికి అవి 700 దాటినవి. ఒక్కొక్క పక్షిని ఎఱిగి యుండుటవలననే ఏ పని ఫలించినదో వారికి తెలిసినది.

చిలుక పెక్కేండ్లు బ్రతుకును. ఏటేట పిల్లలను దొంగిలించినను పెద్దవి మిగిలియుండును గనుక, చెట్టుమీది లెక్క కొన్నేండ్లు మారదు. జాతి మాత్రము ముసలిదగుచుండును. పైగా మగపిల్లకు మెడపట్టె వచ్చుటకు ఏండ్లు పట్టును. అంతదనుక అది ఆడుపక్షివలెనే యుండును. దూరమునుండి చూచి పిల్లలెన్నో చెప్పలేము. కావున "ఎన్ని యున్నవి?" అను ప్రశ్నతోపాటు "ఈ ఏడు ఎన్ని పిల్లలు తొఱ్ఱలు విడిచి ఎగిరినవి?" అని అడుగవలెను.

మరునాటి సాయంకాలము ఆ రైతును మాతోపాటు నిలిపి, గుంపును సగము సగముగా పంచుకొని లెక్కించితిమి. ఈసారి రెండు లెక్కలకు భేదము స్వల్పము. పెద్ద చిలుక కానరాలేదు. ఆయన ఇంటికి పోవుచు, "మా దొడ్డి చింతచెట్టుకి తొర్ర ఉందయ్యా. కొట్టిద్దామనుకున్నా. ఉంచుతాలే, ఏ రకం దిగుద్దో చూద్దాం" అనెను. ఆ సాయంకాలపు లెక్కలో మేము మిక్కిలి సంతోషముతో వ్రాసికొన్నది ఆ ఒక్క తొఱ్ఱను.