కొలెస్టరాల్: వంటింటి ఉపాయములు, వైద్యుని మాత్రలు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల వారికి రక్తపరీక్ష నేడు దూరపు మాట కాదు. మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లి పట్టణములలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. పరీక్ష కాగితముపై కొలెస్టరాల్ అంకె ఎక్కువగా కనిపించగానే ఇంటిల్లిపాదియు అడుగు ప్రశ్న ఒక్కటే: “ఈ మాత్ర జీవితాంతము మ్రింగవలసినదేనా? ఆకుతోనో, ఆహారముతోనో తగ్గించుకొనరాదా?” ప్రశ్న న్యాయమైనదే. కాని అందరికిని ఒకే జవాబు చెల్లదు.

కొలెస్టరాల్ విషము కాదు. శరీరములోని ప్రతి కణపు పొరకును అది కావలయును. అందులో అధికభాగమును మన కాలేయమే తయారుచేయును. దానిని రక్తములో మోసికొనిపోవు వానిలో ఎల్.డి.ఎల్. అను రకము మితిమీరినచో, ధమనుల గోడలలో క్రొవ్వు పేరుకొని దారి ఇరుకగును. ఏండ్లతరబడి నొప్పి గాని నలత గాని ఉండదు. తెలిసిననాడు గుండెపోటుగానో, పక్షవాతముగానో తెలియును. కనుక “నాకు బాగానే ఉన్నది” అను మాట ఇచ్చట సాక్ష్యమునకు నిలువదు.

ఆహారము చేయు మేలు నిజమైనది. మొదట నూనె సంగతి. నెయ్యి, వెన్న, పామోలిన్, వనస్పతులలోని సంతృప్త క్రొవ్వు ఎల్.డి.ఎల్.ను పెంచును. పామాయిలులో సుమారు సగము అట్టి క్రొవ్వే. వీనికి బదులుగా మన పాత గానుగలు ఎరిగిన నువ్వుల నూనెను, కుసుమ నూనెను మితముగా వాడుట మేలు. వనస్పతి వంటి వానిలోని ట్రాన్స్ క్రొవ్వు మరింత చెడ్డది. నూనెలలోను, క్రొవ్వులలోను అది నూటికి 2 పాళ్ళు మించరాదని 2022 జనవరి నుండి మన దేశములో నియమమున్నది. సంక్రాంతి సకినాలు మానుమని ఎవరును చెప్పరు. వానిని కాల్చిన నూనెనే మరల మరల కాచవద్దని మాత్రము చెప్పవలసియున్నది.

రెండవది పీచు. ఉలవలు, బొబ్బర్లు, శనగలు, మెంతులు, ఇసబ్గోలు మొదలగువానిలో నీట కరుగు పీచు కలదు. అది ప్రేవులలో జిగురుగా మారి పైత్యరసమును పట్టుకొని బయటికి కొనిపోవును. పోయిన పైత్యరసమును మరల తయారుచేయుటకై కాలేయము రక్తములోని కొలెస్టరాలును వాడుకొనును. దినమునకు ఉడికిన పప్పుధాన్యములు 130 గ్రాములు తినినచో ఎల్.డి.ఎల్. నూటికి సుమారు 5 వంతులు తగ్గునని పరిశోధనలు చెప్పుచున్నవి. తెల్ల అన్నమును కొంత తగ్గించి, జొన్న గట్కయో రొట్టెయో తినుట రక్తములోని చక్కెరకును, ట్రైగ్లిసరైడులను క్రొవ్వులకును మంచిది.

ఇట్టివి అన్నియు కలిపిన ఫలమెంత? కెనడాలోని టొరాంటోలో 2003లో ప్రకటించిన ప్రయోగములో కరుగు పీచు, సోయా, బాదము, మొక్కల స్టెరాలులు కలిపిన ఆహారము నెలరోజులలో ఎల్.డి.ఎల్.ను నూటికి 28 వంతులకు పైగా తగ్గించినది. ఆ ఆహారమును పరిశోధకులే సమకూర్చిరి. 2011లో, జనులు సలహాలు విని తమ ఇండ్లలో తామే వండుకొని తినినప్పుడు, ఆరు నెలలకు కలిగిన తగ్గుదల సుమారు 13 వంతులు. ఇది చిన్న లాభము కాదు. అందరికిని చాలునదియు కాదు.

ఇక మూలికల మాట. మెంతులను గూర్చి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1990లో మంచి ఫలితములు ప్రకటించిరి. అయితే వారు ఇచ్చినది దినమునకు 100 గ్రాముల మెంతిపిండి. పోపులోని చిటికెడు మెంతులకు ఆ ఫలితమును అంటగట్టరాదు. గుగ్గులు, అనగా మహిషాక్షి, క్రొవ్వును తగ్గించునని ప్రాచీన వైద్యగ్రంథము చెప్పిన మాటను డాక్టర్ జి.వి. సత్యవతి 1966లో కాశీ హిందూ విశ్వవిద్యాలయములో కుందేళ్ళపై పరీక్షించి ఆశ కలిగించిరి. కాని 2003లో పెన్సిల్వేనియా పరిశోధకులు 103 మందికి ఎనిమిది వారములు పరీక్షింపగా, గుగ్గులు పుచ్చుకొన్నవారిలో ఎల్.డి.ఎల్. తగ్గుటకు మారు కొంత పెరిగినది. కొందరికి దద్దురులు లేచినవి. భూపాలపల్లి అడవులలోని తెల్లమద్ది చెక్క కషాయమునకు గుండెమందను పేరు తరతరములుగా కలదు. అయినను మాత్రకు బదులుగా దానిని నమ్ముకొనుటకు తగిన ఋజువు లేదు.

“మాత్ర రసాయనము, మూలిక ప్రకృతి” అను భేదమును కూడ ఒకసారి పరిశీలింపవలెను. జపానులో అకిరా ఎండో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది బూజులను పరీక్షించి, బియ్యముపై పట్టిన నీలపుబూజు నుండి 1973లో మొదటి స్టాటినును వేరుచేసెను. నేడు వైద్యులు వ్రాయు మాత్రలు ఆ వంశమునకు చెందినవే. “సహజము” అని అమ్ముచున్న ఎర్రబూజు బియ్యపు బిళ్ళలలో లోవాస్టాటిన్ అను ఆ మందే ఉండును. ఎంత ఉండునో కొనువానికి తెలియదు. తూచి ఇచ్చిన మందును వదలి తూచని మందును కొనుటలో ప్రకృతి ఏమున్నది?

ఆ మాత్రల విలువ 1994లో తేలినది. ఉత్తర ఐరోపాలో గుండెజబ్బు గల 4,444 మందిని అయిదేండ్లకు పైగా పరిశీలించిరి. ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్న సగములో 256 మంది మరణించిరి. సింవాస్టాటిన్ పుచ్చుకొన్న సగములో 182 మంది. మూలికలలో దేనికిని ఇట్టి సాక్ష్యము లేదు.

కనుక, గుండెజబ్బు గాని మధుమేహము గాని లేక, అంకె కొద్దిగా మాత్రమే పెరిగినవారు వైద్యుని అనుమతితో మూడు నెలలు ఆహారము మార్చి, నడక సాగించి, పొగ మాని, మరల పరీక్ష చేయించుకొనవచ్చును. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకొన్నవారు, పక్షవాతము తగిలినవారు, ఎల్.డి.ఎల్. 190 దాటినవారు ఆహారమును మాత్రకు తోడుగా గైకొనవలెనే గాని బదులుగా కాదు. మధుమేహము గలవారిలో పెక్కుమందికిని ఇదే వర్తించును. మాత్ర వలన కండరములు నొచ్చినచో వైద్యునికి చెప్పుడు. మోతాదు తగ్గింపవచ్చును, వేరొక మందు ఇయ్యవచ్చును. కషాయమేదైన త్రాగుచున్నచో అదియు దాచక చెప్పుడు. ఎవరికిని చెప్పక మాత్ర మానివేసి, బాగున్నామని ధైర్యపడుట మాత్రము తగదు.